చుట్ట కాలినంత సేపు

పొగ మానెయ్యమని మీరు ఇప్పటివరకూ ఎంతమందికి సలహా ఇచ్చి ఉంటారు? వాళ్ళలో మీ మాట విని నిజంగా మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక్కరి ముఖం గుర్తు తెచ్చుకోండి.

రావడం లేదు కదా? నాకూ చాలాకాలం రాలేదు. సలహాలివ్వడంలో నేను మీకు తీసిపోయేవాణ్ణి కాను. పైగా సలహాని వాదంగా మార్చి, ఆ వాదం గెలిచి, గెలిచినందుకు ఒక సిగరెట్ వెలిగించుకునే అలవాటు ఉన్నవాణ్ణి. ఎనభైలలో తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద ప్రతి ఆదివారం మా చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, జాతకాల్లో నిజమెంత, పెళ్ళికి పురోహితుడు గానీ పాస్టరు గానీ ఎందుకు, ఇవీ మా విషయాలు. నేను బాపట్లలో హైస్కూలు మాస్టర్ని. పొద్దున్నే రైలెక్కి వచ్చేవాణ్ణి. చాప మీద అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మధ్యలో ఒక కొబ్బరిచిప్ప, దాన్నిండా సిగరెట్ పీకలు. మూఢనమ్మకాల మీద మేము చేసిన ప్రతి తీర్మానానికీ ఆ చిప్పలో ఇంత బూడిద సాక్ష్యంగా రాలేది. ఆ వైరుధ్యం మాలో ఎవరికీ కనపడలేదని కాదు. కనపడింది. అది బలహీనత గానీ మూఢనమ్మకం కాదని దాని మీద కూడా వాదించి గెలిచాం.

మాది లూథరన్ కుటుంబం. నాన్న మిషను బడిలో పంతులు. ఆయన పోయాక అక్క చదువు ఆగిపోయింది, నాది సాగింది. అది దేవుడి చిత్తమని అక్క అనేది. నేను మగవాణ్ణి కావడమే కారణమని నేను అనేవాణ్ణి. అక్కని రేపల్లెలో ఇచ్చారు. బావ అక్కడ ఒక రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. అదే మిల్లు కళ్ళంలో అక్క ఉడికించిన ధాన్యం ఆరబోసే పనిలో ఉండేది. సిమెంటు గచ్చు మీద ధాన్యం పరిచి, ఎండ ఎక్కేకొద్దీ కాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ తిరగెయ్యడం ఆ పని. చర్చికి ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. అక్క ముందు వరసలో కూర్చుని పాడేది. బావ వెనక బెంచీలో కూర్చుని కునికేవాడు.

బావ చుట్ట తాగేవాడు. లంక పొగాకు తెచ్చుకుని పొద్దున్నే తనే చుట్టుకునేవాడు. మిల్లులో చాలామంది బీడీకి మారినా ఆయన మారలేదు. "బీడీ ఏంటోయ్ బావమరిదీ, ముట్టించేలోపల అయిపోద్ది. చుట్ట అయితే మనిషితో కాసేపు కూర్చుంటది," అనేవాడు. ఆ మాటలోనే అంతా ఉందని నాకు అప్పుడు తట్టలేదు. చుట్ట మీద ఉన్న మోజు కొద్దీ అంటున్నాడనుకున్నాను.

తొంభైల మొదట్లో ఒక వేసవి. బడికి సెలవులిస్తే రేపల్లె వెళ్ళాను. అన్నాల దగ్గర కూర్చుంటే బావ కూర జోలికి పోకుండా మజ్జిగ కలుపుకుంటున్నాడు.

"ఏంటి బావా, కూర బాలేదా?"

"బానే ఉందోయ్. నోరే బాలేదు."

"ఎన్నాళ్ళ నించో అడుగుతున్నా. నోరు తెరవమంటే తెరవడు," అంది అక్క. "కారం తగిలితే ఎగిరి పడుతున్నాడు. ఇన్నాళ్ళూ నేను వండిన గోంగూర తిన్న నోరేనా ఇది?"

వాకిట్లో వెలుతురుకి తీసుకెళ్ళి నోరు తెరిపించి చూశాను. కుడి బుగ్గ లోపల తెల్లటి మచ్చ. పెరుగు మీద మీగడ అతుక్కున్నట్టు ఉంది. వేలితో తుడిచినా పోలేదు. మర్నాడు తెనాలి తీసుకెళ్ళాను.

డాక్టరు గారు టార్చి వేసి చాలాసేపు చూశారు. వేలితో నొక్కారు, దవడ కింద తడిమారు.

"చుట్టా, బీడీయా?"

"చుట్టండి."

"మానెయ్యాలి."

"తగ్గిస్తానండి."

"తగ్గించడం కాదయ్యా, మానెయ్యాలి. ఇది ఇప్పుడు ఒట్టి మచ్చ. పొగాకు మానేస్తే తగ్గొచ్చు. మానకపోతే పుండవుతుంది. ఆ పుండు ఎలాంటిదో మీ బావమరిది గారికి తెలిసే ఉంటుంది. అప్పుడు నా దగ్గరికి రాకండి, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళండి." తర్వాత గొంతు తగ్గించి, "వానలు పట్టుకోగానే మళ్ళీ చూపించండి. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపిద్దాం," అన్నారు.

బయటికొచ్చి బావ ముందు నడిచాడు. స్టేషను దగ్గరపడుతుండగా, "ఆ డాక్టరు గారి చొక్కా జేబులో సిగరెట్ పెట్టె చూశావా?" అన్నాడు.

చూశాను. నా జేబులోనూ ఉంది.

రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. బావ అలవాటు కొద్దీ మొలలోంచి చుట్ట తీసి, దాన్ని చూసి, మళ్ళీ మొలలో పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ సంగతి గమనించాడు. సంగతేంటని అడిగాడు, చెప్పాం. ఇక పెట్టెలో సగంమంది వైద్యులయ్యారు.

"ముక్కుపొడుం పట్టు అబ్బాయ్. నేనూ అలాగే మానేశా," అన్నాడు పెద్దాయన, గర్వంగా డబ్బా తీసి చూపించి.

"పొడుం ఎందుకు బాబాయ్, దగ్గూ తుమ్మూ," అన్నాడు పక్కన నిలబడ్డ కుర్రాడు. "గుట్కా పొట్లాలు వస్తన్నాయిగా. నోట్లో ఏసుకుంటే చాలు. పొగే ఉండదు."

"పొట్లాల్లో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు? జర్దా కిళ్ళీ మంచిది. ఆకు ఒంటికి చలవ," అంది గంప పక్కన పెట్టుకున్న చేపలమ్మి.

"చలవేంటి పిన్నీ? జర్దా పొగాకు కాదా? పొడుం పొగాకు కాదా? ఖైనీ పొగాకు కాదా? మచ్చ ఉన్నది నోట్లో. ఆ నోట్లోకే ఇంకో దారిన తెచ్చి పొయ్యమంటారేంటి?" అన్నాను నేను, ఆదివారం గొంతుతో.

 పెద్దాయన చిటికెడు పొడుం పీల్చి, కళ్ళు తుడుచుకుని, "అయితే నువ్వు చెప్పు నాయనా, దేనికి మారాలో," అన్నాడు.

 "దేనికీ మారక్కర్లేదు. మానడమే," అన్నాను. ఆయన ఎంతో జాలిగా నవ్వాడు.

ఇంటికెళ్ళాక అక్కకి చెప్పాం. అక్క ఏడవలేదు. తలుపు గడియ వేసి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ వారంలోనే వాళ్ళింట్లో ప్రార్థన పెట్టించింది. మా వాళ్ళ ఇళ్ళల్లో జరిగే ఆ ప్రార్థనల్లో సాక్ష్యం చెప్పడం ఒక పద్ధతి. ఫలానా దురలవాటు మానేశానని లేచి నిలబడి అందరి ముందూ చెబుతారు. అలాగే బావ చేత చెప్పించింది. ఆయన చేతులు కట్టుకుని, "ఇయ్యాల్టి నించి చుట్ట ముట్టనండి," అని కూర్చున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. జనం వెళ్ళాక అక్కతో తగువేసుకున్నాను.

"అక్కా, ఇది నోటి రోగం. ఆత్మ రోగం కాదు."

"నోరు ఆత్మలో భాగం కాదా?"

"కాదు."

"మీ తెనాలి గోష్ఠిలో ఎంతమంది మానార్రా సిగరెట్లు?"

"అది వేరే సంగతి."

"మా ప్రార్థనలో ముగ్గురు మానారు. ఎందుకు వేరే సంగతి?"

"ఆ ముగ్గురిలో ఇద్దరు పొట్లాలు నములుతున్నారు. ఇందాక స్తోత్రం అన్నప్పుడు ఒకాయన బుగ్గలో ఉండనే ఉంది."

"నోట్లో పొగ లేదుగా!" అంది అక్క. అని తనే ఫక్కున నవ్వింది. మంచం మీదున్న బావ కూడా నవ్వి, నా వంక చూసి, "సరే, నేను నిలబడి చెప్పా. నువ్వు కూర్చుని చెప్పు. నువ్వు మానేస్తావా?" అన్నాడు.

ఆధారాలు చూపించి మాట్లాడేవాడు ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు చెప్పగలడు. మానేస్తానన్నాను.

బాపట్ల తిరిగి వచ్చి, బడి తెరిచాక నా పాట్లు మొదలయ్యాయి. లవంగం బుగ్గన పెట్టుకున్నాను. నాలుక మొద్దుబారింది. యాలకులు నమిలాను. క్లాసులో పిల్లలు పాయసం వాసన వస్తోందని గుసగుసలాడారు. వక్కపొడికి పళ్ళు అరిగాయి. విదేశాల్లో మానేవాళ్ళకి మందున్న చూయింగ్ గమ్ ఇస్తారని ఎక్కడో చదివి తెనాలి మందుల షాపులో అడిగితే, ఆయన బబుల్ గమ్ సీసా మూత తీసి, "ఏ రంగు కావాలి సార్?" అన్నాడు. నూనె రాసిన బుగ్గల్లా నిగనిగలాడుతూ కిళ్ళీ కొట్ల ముందు పొట్లాల దండలు వేలాడేవి. పక్క ఊరి నుంచి వచ్చే మా డ్రిల్లు మాస్టరు సిగరెట్ మాని వాటికి మారాడు. మారాక ఆయన మాట్లాడాలంటే ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి ఉమ్మి రావాల్సి వచ్చేది. మానడమంటే ఇదా అని అడిగితే, తల మాత్రం ఊపేవాడు.

లవంగాలూ యాలకులూ కాదు అసలు బాధ. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే నేను రోడ్డు దాటి బడ్డీ కొట్టు దగ్గరికి వెళ్ళేవాణ్ణి. సిగరెట్ అయిపోయేదాకా రాకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. మానేశాక స్టాఫ్ రూములోనే కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి వారంలోనే హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర నిలబడి, "మాస్టారూ, ఖాళీగానే ఉన్నారుగా. ఎనిమిది బి కి సార్ రాలేదు, కాస్త వెళ్ళండి," అన్నారు. మర్నాడు ఇంకో క్లాసు. ఆ మర్నాడు మరొకటి. సిగరెట్ తాగే మాస్టర్లు ఇద్దరూ రోడ్డవతల హాయిగా నిలబడి ఉంటే, మానేసిన పాపానికి నేను వాళ్ళ పని కూడా చేస్తున్నాను. ఎందుకు మానానా అని రోజూ అనిపించేది. అది పొగ మీద కోరికే అనుకుని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి.

కొన్ని వారాలకి ఒక ఆదివారం తెనాలిలో చర్చ మానేసి రేపల్లె వెళ్ళాను. అక్క ముఖం చూస్తే ఏదో జరిగిందని తెలిసింది.

"చొక్కా ఉతుకుతుంటే చుట్ట కంపు," అంది. "అడిగితే పక్కన కూర్చున్నోళ్ళదంటాడు. అంతమంది ముందు నిలబడి చెప్పిన మాట రా. అబద్ధమాడుతున్నాడు. నాతో ఆడితే ఆడాడు. ఆయనతో కూడానా?" అంటూ పైకి చూసింది.

"డాక్టరు చెప్పింది బావకి గుర్తుందా అసలు?"

"నోరు తెరవమంటే మళ్ళీ తెరవడం లేదు."

వానలు ఇంకా గట్టిగా పట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజులు దగ్గరపడుతున్నాయి. రెండు రోజులు బడికి సెలవు పెట్టి ఉండిపోయాను. సోమవారం మధ్యాహ్నం, అక్క ఇంట్లో మర్చిపోయి వెళ్ళిన అన్నం క్యారేజీ పట్టుకుని మిల్లుకి బయల్దేరాను. బావని పట్టుకోవాలనే వెళ్ళాను. పట్టుకుని నాలుగు దులపాలని కూడా అనుకున్నాను.

ఆ మిల్లు లోపల నిప్పు వెలిగించడానికి వీల్లేదు. ఊక, తవుడు దుమ్ము గాల్లో తేలుతూ ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని పొగ తాగేవాళ్ళు దొడ్డి గోడ పక్క కుళాయి దగ్గరికి వెళ్ళి తాగాలని ఓనరు నియమం. మంచి నియమమే. నేను వెళ్ళేసరికి కూలీలు అక్కడ గోడ నీడన వరసగా గొంతుకూర్చుని ఉన్నారు. బీడీలు, చుట్టలు. ఆ వరస చివర బావ ఉన్నాడు. చేతిలో చుట్ట, దాని చివర నిప్పు.

మిల్లు గోడ మలుపులో ఆగిపోయాను. ఏమని మొదలుపెట్టాలా అని మాటలు పేర్చుకుంటున్నాను. అప్పుడు గమనించాను. బావ ఆ చుట్టని నోటి దగ్గరికి తీసుకెళ్ళడం లేదు. మోకాలి మీద చెయ్యి ఆన్చి, వేళ్ళ మధ్య ఊరికే పట్టుకున్నాడు. బూడిద పొడుగ్గా పెరుగుతోంది. ఆయన కళ్ళు మూసుకుని గోడకి తల ఆన్చాడు. పక్కవాళ్ళు కబుర్లాడుకుంటున్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి చుట్ట వంక చూశాడు. నిప్పు ఆరిపోయేలా ఉంది. చప్పున నోట్లో పెట్టి రెండు దమ్ములు లాగాడు. నిప్పు ఎర్రబడగానే మళ్ళీ మోకాలి మీదికి దించి, కళ్ళు మూసుకున్నాడు.

దగ్గరికెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన ఉలిక్కిపడి చుట్ట దాచబోయాడు, తర్వాత దాచలేదు.

"ఏంటి బావా ఇది?"

"మీ అక్కకి చెప్పకోయ్."

"తాగాలనిపిస్తే తాగు, లేకపోతే పారెయ్. చేత్తో పట్టుకుని కూర్చోడమేంటి?"

"కూర్చోడానికే," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అది ఆయనకి కనపడినట్టుంది.

"మానేసిన కొత్తలో ఊరికే వచ్చి ఈళ్ళ పక్కన కూర్చునేవోణ్ణి. మేస్త్రి వచ్చి, 'ఏంటి, నీకు చుట్ట లేదుగా, ఇక్కడేం పని?' అన్నాడు. ఈళ్ళు ఇక్కడ కూర్చుంటే లోపల లారీ కాడ నేనొక్కణ్ణే. నాలుగు రోజులు మోశా. నడుం పడిపోయింది. అయిదో రోజు ఒకటి ముట్టించుకుని వచ్చా. ఎవరూ ఏం అనలా." మోకాలి మీదున్న చుట్ట వంక చూపించాడు. "ఇది ఎలుగుతుంటే కూర్చోవచ్చు. ఆరితే లేవాలి. ఆరకుండా మధ్యలో లాగుతున్నా. అంతే."

లోపల్నించి మేస్త్రి కేక వేశాడు. "ఏంటయ్యా, ఎంతకీ కాలవా ఆ చుట్టలు? బీడీకి మారండ్రా అంటే వినరు. తొరగా తెమలండి!"

మేస్త్రి కూడా ఒక ప్రత్యామ్నాయం చెబుతున్నాడు చూశారా. రైల్లో పెద్దాయన పొడుం చెప్పాడు, చేపలమ్మి కిళ్ళీ చెప్పింది, అక్క ప్రార్థన చెప్పింది, నేను ఇచ్ఛాశక్తి చెప్పాను. మేస్త్రి బీడీ చెప్పాడు, అది తొందరగా అయిపోతుంది కనక. ఇంతమందిమీ ఆ మనిషి నోటికి ఏం ఇవ్వాలా అని ఆలోచించాం. ఆయన నడుముకి ఏం కావాలో ఒక్కడూ అడగలేదు.

నాకు బాపట్ల స్టాఫ్ రూము గుర్తొచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ హెడ్మాస్టరు గారు గుర్తొచ్చారు. నా బాధా బావ బాధా ఒకటే. నాది క్లాసు, ఆయనది బస్తా, అంతే తేడా. మన దేశంలో పనిచేసే మనిషి ఊరికే కూర్చుంటే సోమరి. చేతిలో నిప్పు పెట్టుకుని కూర్చుంటే అది అలవాటు, దాన్ని గౌరవిస్తారు. పిట్టలవానిపాలెం వైపు నాట్లప్పుడు గట్ల మీద మగవాళ్ళు చుట్టలు ముట్టించుకుని కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చూశాను. నడుం వంచిన ఆడవాళ్ళు వంచినట్టే ఉండేవాళ్ళు. ఆసామి గట్టు మీదున్న వాళ్ళని ఏమీ అనేవాడు కాదు. బురదలో ఒకామె నిటారుగా నిలబడితే మాత్రం, "ఏంటమ్మా, చూస్తున్నావ్?" అనేవాడు. దేవుడు లేడని నిరూపించడానికి అన్నేళ్ళు ఖర్చుపెట్టిన నేను, పొగాకుకి ఇచ్చిన ఈ హోదాని ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు.

సాయంత్రం బావ వద్దన్నా అక్కకి చెప్పేశాను. అబద్ధం ఆడుతున్నాడని ఆమె కుమిలిపోతుంటే దాచడం న్యాయం కాదనిపించింది. అక్క వింటూ చాటలో బియ్యం ఏరడం ఆపేసింది. బావ వంక చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"అయితే మేమెప్పుడు కూర్చున్నాం రా?" అంది.

అక్క చాట కింద పెట్టింది.

"కళ్ళంలో పొద్దున ఎక్కితే అన్నాలప్పుడు దిగడమే. గచ్చు కాలిపోతా ఉంటది. మీరు ముట్టించుకుని కుళాయి కాడికి పోతారు. మేం ఆ కుళాయి నీళ్ళు తాగి మళ్ళీ ఎండలోకి పోతాం. చుట్ట తాగేవోళ్ళకి నడుం ఉంటది, మాకు ఉండదా?"

నేను ఆవేశంగా లేచాను. ఓనరు గారికి ఒక విజ్ఞప్తి రాస్తానన్నాను. పత్రికకి వ్యాసం రాస్తానన్నాను. తెనాలి మిత్రుల్ని తీసుకొచ్చి మాట్లాడిస్తానన్నాను.

"నువ్వు రాస్తావు. ఆయన చదివి, 'మీ తమ్ముడు బాగా రాశాడమ్మా' అంటాడు," అంది అక్క. "నువ్వు కూర్చో."

మర్నాడు నేను తిరుగు రైలుకి వెళ్ళాల్సినవాణ్ణి. వెళ్ళలేదు. మిల్లు దొడ్డి గేటు దగ్గర, కుళాయి కనపడేంత దూరంలో టీ బడ్డీ ఉంటే అక్కడ నిలబడ్డాను. పదిన్నర దాటాక కూలీలు కుళాయి దగ్గరికి వచ్చి ముట్టించుకున్నారు. బావ కూడా వచ్చాడు. అప్పుడు కళ్ళంలోంచి అక్క దిగింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు, కొంగులతో ముఖాలు తుడుచుకుంటూ. వచ్చి గోడ నీడలో, మగవాళ్ళకి ఎదురుగా కూర్చున్నారు.  ఒక పెద్దావిడ కాళ్ళు బారచాపి, "అబ్బా," అంది.

మేస్త్రి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. లారీ ఆలస్యమైతే మాట పడాల్సింది ఆయనే.

"ఏంటమ్మా ఇది? ధాన్యం తిరగెయ్యరా?"

"తిరగేస్తామండి. కాసేపు కూర్చుని," అంది అక్క.

"ఎందుకు కూర్చున్నారు?"

"ఈళ్ళెందుకు కూర్చున్నారండి?"

"వాళ్ళు చుట్ట కాల్చుకుంటున్నారు."

"అయితే మాక్కూడా తలా ఒకటి ఇప్పించండి. ఇయ్యాల నేర్చుకుంటాం."

పెద్దావిడ చెయ్యి చాపింది. "నాకు బీడీ వద్దు బాబూ, చుట్టే ఇప్పించు. ఎక్కువసేపు ఉంటదంట."

మగవాళ్ళు పగలబడి నవ్వారు. ఒకడికి పొర పోయి దగ్గు ఆగలేదు. ఆ గోలకి ఓనరు గారు ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చారు. ఏం గొడవని అడిగారు.

"గొడవేం లేదండి. కూర్చున్నామండి," అంది అక్క.

ఆయన అక్క వంక చూశారు, మగవాళ్ళ చేతుల్లో చుట్టల వంక చూశారు. చుట్ట తాగేవాళ్ళని లేవమంటే మగవాళ్ళు ఊరుకోరు. తాగని ఆడవాళ్ళని లేవమనడానికి, తాగడం లేదన్న కారణం తప్ప ఇంకోటి లేదు. ఆ కారణం పైకి చెప్పడం ఎవరికైనా సిగ్గే. కాసేపు నిలబడి, "సరే, వాళ్ళు లేచినప్పుడు మీరూ లేవండి," అని లోపలికి వెళ్ళిపోయారు.

బావ చేతిలో చుట్ట వంక చూసుకున్నాడు. కుళాయి కింద నీళ్ళు నిలిచిన చోట దాన్ని ముంచాడు. చుయ్‌మని ఆరిపోయింది. ఆయన లేవలేదు. మేస్త్రి చూశాడు. ఏదో అనబోయి, ఎదురుగా ఉన్న ఆడవాళ్ళని చూసి మానేశాడు.

అంతా అంతటితో చక్కబడిందని అనను. ఆ వారం పెద్దావిడని ఒకరోజు పనికి పిలవలేదు. అక్కా వాళ్ళు గేటు దగ్గర నిలబడితే మర్నాడు పిలిచారు. మేస్త్రి కూర్చునే సేపుని కుదిస్తూ పోయాడు, వీళ్ళు సాగదీస్తూ పోయారు. కొన్నాళ్ళకి ఆ వేళకి టీ బడ్డీ వాడు కెటిల్ పట్టుకుని లోపలికి రావడం మొదలైంది. అప్పటినుంచి దాన్ని టీ టైము అన్నారు. టీ టైము అనే పేరు వచ్చాక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కూలీలలో మరో ఇద్దరు బీడీ మానేశారు, మిగతావాళ్ళు మానలేదు. పక్క మిల్లుల్లో ఏమీ మారలేదు.

తెనాలి గోష్ఠిలో ఈ సంగతి చెప్పాను. ఆ చర్చలు నడిపే పెద్దాయన సిగరెట్ పొగ వదులుతూ, "ఇది కార్మిక సమస్య. మన విషయం కాదు," అన్నారు. కారణం వెతకడం మన విషయం కాకపోతే ఇంకేది మన విషయమని గట్టిగానే అడిగాను. ఆ రోజు వాదం తేలలేదు. బాపట్లలో మాత్రం ఇంటర్వెల్‌కి మళ్ళీ రోడ్డు దాటడం మొదలుపెట్టాను.

"సిగరెట్టుకా మాస్టారూ? మానేశారన్నారు?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"మానేశానండి. ఊరికే వెళ్తున్నా."

"ఊరికేనా?"

"ఊరికేనండి."

ఆయన ముఖంలో అనుమానం పోవడానికి చాలాకాలం పట్టింది. నా వేళ్ళకి సిగరెట్ కోసం తీట పోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పొగాకు నరాల్లో పాతుకుపోయే మందు. కూర్చోనిస్తే చాలు, దానంతటదే పోతుందని నేను అనడం లేదు. కూర్చోనివ్వకుండా మానమంటే మాత్రం పోదని అంటున్నాను.

వానలు పట్టుకున్నాక బావని తెనాలి తీసుకెళ్ళాం. ఈసారి అక్క కూడా వచ్చింది. డాక్టరు గారు టార్చి వేసి, వేలితో నొక్కి, దవడ కింద మళ్ళీ తడిమారు. అక్క పెదవులు కదులుతున్నాయి. నేను ఆమెని ఆపలేదు.

"తగ్గింది," అన్నారు. "పూర్తిగా పోలేదు. కానీ బాగా తగ్గింది. ఇప్పుడు ముక్క తియ్యక్కర్లేదు. మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకుంటూ ఉండాలి. ఏ పొగాకు నమిలినా సరే, నాకు తెలిసిపోతుంది."

ఇంటికెళ్ళి ఆ రోజు అక్క గోంగూర వండింది. ప్రార్థన వల్లే తగ్గిందంది. పొగాకు మానడం వల్లే తగ్గిందన్నాను. నువ్వు రాస్తానన్న వ్యాసం వల్ల మాత్రం కాదుగా అంది. బావ పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, "మీరిద్దరూ కొట్టుకోండి. నన్ను తిననివ్వండి," అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి చూపించుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు మందుల షాపుల్లో మానడానికి సాయపడే గమ్ములున్నాయి, అంటించుకునే పట్టీలున్నాయి, అడిగితే చెప్పే డాక్టర్లున్నారు. అడగండి, వాడండి. నమిలే పొగాకునీ పీల్చే పొగాకునీ మాత్రం మందనుకోకండి. మీరు తాగేవాళ్ళయితే ఇవాళ బయటికి వెళ్ళాల్సిన వేళకే వెళ్ళండి, సిగరెట్ పెట్టె బల్ల మీద వదిలేసి వెళ్ళండి. ఖాళీ చేతులతో నిలబడి, తిరిగి రండి. ఎవరైనా ఎందుకని అడిగితే ఊరికేనని చెప్పండి. మీ కింద ఎవరైనా పనిచేస్తుంటే, మీ షాపులో గానీ, పొలంలో గానీ, వంటింట్లో గానీ, సలహా చెప్పడం ఆపండి. రేపు పొద్దున పని మధ్యలో వాళ్ళని పిలిచి, నీడన కూర్చోమనండి. వాళ్ళు లేచేదాకా లేవమనకండి.